హత్య కేసులో చనిపోయిన వ్యక్తి కుటుంబానికి కోర్టులో చోటు ఉందా? ఒక మాజీ ప్రాసిక్యూటర్ సమాధానం

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. పరకాల దగ్గరి పల్లె నుంచి హైదరాబాద్‌కు సెంట్రింగ్ పనికి వెళ్లిన మీ తమ్ముడు పోయిన ఏడాది అద్దె గదిలో జరిగిన గొడవలో కత్తిపోట్లకు బలయ్యాడు. ఇద్దరు నిందితుల్లో ఒకరు బెయిలు మీద బయట తిరుగుతున్నారు. ఛార్జిషీటు వేశామని పోలీసులు చెప్పారు, ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఫోన్ చేస్తే ‘సమన్లు వచ్చినప్పుడు రండి’ అంటున్నారు. ఈలోగా అవతలివాళ్ల తరఫున పెద్దమనుషులు రాజీ మాట పట్టుకుని మీ ఇంటికి వచ్చి వెళ్లారు. మీ మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, రెండేళ్ల పాప ఉంది. ‘కేసు సర్కారుది, మీకేం సంబంధం లేదు’ అన్న మాట నిజమేనా, సొంత వకీలును పెట్టుకోవచ్చా, ఆ తల్లీబిడ్డలకు ఏదైనా సాయం అందుతుందా, ఇవీ మీ ప్రశ్నలు.

నేరుగా చెప్పాలంటే, కేసు నడిపేది సర్కారే, అది నిజం. మీకు సంబంధం లేదన్నది మాత్రం అబద్ధం. మీరు సొంత వకీలును పెట్టుకోవచ్చు, అయితే ఆయన పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు సహాయకుడుగానే ఉంటాడు. బెయిలు దరఖాస్తులో మీ మాట వినిపించుకోవచ్చు. నిందితులు నిర్దోషులుగా బయటపడితే మీరే హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. తీర్పుతో పని లేకుండా పరిహారం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. రాజీ విషయంలో నా సలహా ఒక్క ముక్కే: ఒప్పుకోకండి. కారణాలు కింద రాస్తాను.

వరంగల్, హన్మకొండ కోర్టుల్లో ఇరవై ఆరేళ్లు ప్రభుత్వం తరఫున కేసులు వాదించి విరమించినవాణ్ని. నేను చెప్పేవాటిలో కొన్ని చట్టం మాటలు, కొన్ని కోర్టు వరండాలో నేర్చుకున్నవి.

2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. మీ కేసు ఆ తర్వాతిదే కాబట్టి అదే వర్తిస్తుంది. అందులో ‘బాధితుడు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో నేరం వల్ల నష్టపోయిన వ్యక్తితో పాటు అతని సంరక్షకుడు, చట్టపరమైన వారసుడు కూడా ఉన్నారు. అంటే ఈ కేసులో మీ మరదలు చట్టం దృష్టిలోనే బాధితురాలు. ఆ హోదాతో ఆమెకు ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫోన్ సందేశం ద్వారానైనా తెలియజేయాలి. ఇది 193వ సెక్షన్‌లో ఉన్న పోలీసుల బాధ్యత, వారు దయతలచి చేసే పని కాదు. ఛార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, పోస్టుమార్టం నివేదిక వగైరా కాగితాల ప్రతులు నిందితుడితో పాటు బాధితులకు కూడా ఇవ్వాలని 230వ సెక్షన్ చెబుతుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది: బాధితుల తరఫున వకీలు హాజరవుతున్నప్పుడే ఆ హక్కు వర్తిస్తుంది. వకీలును పెట్టుకోవాలా వద్దా అన్న మీ సందేహానికి నా మొదటి జవాబు ఈ మెలికలోనే ఉంది. వకీలు పేరు కోర్టు రికార్డులోకి ఎక్కితే కాగితాలు మీ చేతికి వస్తాయి. ఎక్కకపోతే సాక్ష్యం చెప్పే రోజు వరకు అందులో ఏముందో మీకు తెలియదు.

ఆ వకీలు ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్నది ముందే తెలుసుకోకపోతే తర్వాత ఆయనతోనే తగవు వస్తుంది. సెషన్స్ కోర్టులో విచారణ నడపాల్సింది పబ్లిక్ ప్రాసిక్యూటరే. మీ వకీలు ఆయన సూచనల మేరకు పని చేస్తాడు, సాక్ష్యాలు ముగిశాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదన దాఖలు చేస్తాడు. సాక్షులను స్వయంగా ప్రశ్నించడం, నోటి వాదన వినిపించడం ఆయన హక్కులు కావని సుప్రీంకోర్టు 2019లో రేఖా మురార్కా కేసులో తేల్చింది. కనుక ‘మొత్తం కేసు నేను నడిపిస్తాను, ఇంత ఇవ్వండి’ అని ఎవరైనా పెద్ద ఫీజు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీ మరదలు మహిళ కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. మీరు హన్మకొండలో అదాలత్ దగ్గరి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు. కేసు హైదరాబాద్‌ది కాబట్టి వకీలును అక్కడే నియమించాల్సి ఉంటుంది.

ఇక మీకు కబురు అందకపోవడం గురించి. దీనికి పోలీసుల అలసత్వం ఒక కారణమైతే కావచ్చు, కానీ నేను తరచుగా చూసిన కారణం కేసు నంబర్ల మార్పు. హత్య కేసు ఛార్జిషీటు మొదట మేజిస్ట్రేటు కోర్టులో పడుతుంది. అక్కడ దానికి పి.ఆర్.సి. (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు ఇస్తారు. మేజిస్ట్రేటు దాన్ని సెషన్స్ కోర్టుకు కమిట్ చేస్తారు, అంటే విచారణకు అప్పగిస్తారు. ఈ పని 90 రోజుల్లో పూర్తి చేయాలనీ, కారణాలు రాసి 180 రోజుల వరకు పొడిగించవచ్చనీ కొత్త చట్టం గడువు పెట్టింది. సెషన్స్ కోర్టుకు చేరాక అది ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు అవుతుంది. మొబైల్‌లో ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి పాత పి.ఆర్.సి. నంబరు కొడితే ‘డిస్పోజ్డ్’ అని కనిపిస్తుంది. విరమించిన తర్వాత కూడా ఏడాదికి ఇద్దరు ముగ్గురు ‘సార్, కేసు కొట్టేశారట’ అని ఏడుస్తూ నాకు ఫోన్ చేస్తుంటారు. కొట్టేయలేదు, పై కోర్టుకు వెళ్లిందంతే. ఎఫ్.ఐ.ఆర్. నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, సంవత్సరం పెట్టి యాప్‌లో వెతికి, ప్రతి కేసుకూ విడిగా ఉండే పదహారు అక్షరాల గుర్తింపు నంబరు, అంటే సి.ఎన్.ఆర్. నంబరు, రాసి పెట్టుకోండి. కమిట్ అయ్యాక సెషన్స్ కోర్టులో కొత్త సి.ఎన్.ఆర్. ఇస్తారు, దాన్నీ పక్కనే రాయండి. అప్పటి నుంచి ప్రతి వాయిదా తేదీ మీకే తెలుస్తుంది, ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు.

వాయిదా తెలిస్తే ఏం ఒరుగుతుందని మీరు అడగవచ్చు. దానికి ఒక కేసు చెబుతాను.

చాలా ఏళ్ల కింద కాకతీయ కాలువలో ఒక యువకుడి శవం తేలింది. నీళ్లలో నాని ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. ఒంటి మీది చొక్కాను బట్టే గుర్తించారు. విచారణ మొదలయ్యేసరికి స్వాధీన పంచనామా మీద సంతకం చేసిన ఇద్దరూ ‘మాకేం తెలియదు, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు’ అని ఎదురుతిరిగారు. మృతుడి తల్లికి పంపిన సమన్లు ‘ఇంట్లో లేరు’ అన్న రాతతో తిరిగొచ్చాయి. ఆమె మిరపకాయ ఏరడానికి వలస వెళ్లింది మరి. కానీ ఆమెకు వాయిదాలు తెలుసు. పక్కింటి పిల్లవాడు చూసి చెప్పేవాడట. ప్రతి పేషీకీ వచ్చి కోర్టు హాలు బయట గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ రోజు కూడా సమన్లు అందకుండానే వచ్చింది. నేను వరండాలోకి వచ్చి పేరు పిలిస్తే లేచి నిలబడింది.

బోనులోకి ఎక్కాక పార్సిల్ విప్పమన్నాను. తెల్లగుడ్డ మూట, దాని మీద లక్క సీలు, చీటీ మీద వెలిసిపోయిన సంతకాలు. బెంచ్ క్లర్కు బ్లేడుతో దారం కోసి చొక్కా బయటికి తీశాడు. అది అట్ట ముక్కలా బిగుసుకుపోయి ఉంది. ఆమె ఏడవలేదు. చొక్కాను బల్ల మీద పరిచి, పై నుంచి మూడో గుండీ మీద వేలు పెట్టింది. మిగతా గుండీలన్నీ తెల్లదారంతో ఉన్నాయి, అదొక్కటే పచ్చదారంతో కుట్టి ఉంది. ‘తెల్లదారం అయిపోతే నా జాకెట్టుకు తెచ్చిన పచ్చదారంతోని కుట్టిన’ అంది. అవతలి వకీలు లేచి, ఇలాంటి చొక్కాలు బజార్లో వేలకొద్దీ దొరుకుతాయి కదా అన్నాడు. ‘చొక్కాలు దొరుకుతయి సారూ, నేను కుట్టిన గుండీ యాడ దొరుకుతది’ అంది. పోలీసుల పంచనామాలో గుండీ మాటే లేదు. నేను కూడా ఫైలు పదిసార్లు తిరగేసినవాణ్నే, నాకూ తెలియదు. మృతుడెవరన్న ప్రశ్న ఆ పూటతో తేలిపోయింది. సమన్లు వస్తేనే వద్దామని ఆమె అనుకుని ఉంటే ఆ రోజు సాక్షి గైర్హాజరని రాసుకుని ముందుకు పోయేవాళ్లం.

పేరు మోసిన కేసులను పత్రికలు, ప్రభుత్వం, జనం అందరూ వెంటాడతారు. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాప మీద జరిగిన ఘోరంలో ఊరు ఊరంతా కదిలింది. రెండు నెలలు తిరక్కుండానే ఆగస్టులో ఇక్కడి కోర్టు మరణశిక్ష వేసింది, నవంబరులో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2020 మేలో వరంగల్ దగ్గరి గొర్రెకుంటలో గోనెసంచుల తయారీ కేంద్రం పక్కన ఉన్న బావిలో తొమ్మిది శవాలు బయటపడ్డాయి. వారంతా పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు, వారిలో ఆరుగురు ఒకే కుటుంబం. వారి కోసం కోర్టు వరండాలో కూర్చునే బంధుబలగం ఇక్కడ లేకపోయినా, కేసు దేశమంతా చూస్తున్నది కాబట్టి ఆ ఏడాది అక్టోబరు 28నే తీర్పు వచ్చింది. అదే మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో జరిగిన ప్రణయ్ హత్య కేసు రాష్ట్రమంతా మార్మోగినా, నల్లగొండ కోర్టు తీర్పు 2025 మార్చి దాకా రాలేదు. ఆరున్నరేళ్లు. దిల్లీలో 1999లో తుపాకీ గుండుకు బలైన జెస్సికా లాల్ కేసులో సాక్షులు వరసగా ఎదురుతిరిగి, 2006 ఫిబ్రవరిలో నిందితులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన సబ్రీనా పట్టు విడవకపోవడం, జనం రోడ్డెక్కడం, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లడం అన్నీ కలిసి అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం వేసింది, 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. సెంట్రింగ్ కూలీ హత్య ఒక రోజు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చి పోతుంది. మీ తమ్ముడి కేసును వెంటాడేవాళ్లు మీరు తప్ప మరొకరు ఉండరు. ఈ మాట కటువుగా ఉందని నాకు తెలుసు, అయినా మెత్తగా చెబితే మీకు నష్టం.

బెయిలు సంగతి. ఒకరికి ఇప్పటికే వచ్చింది కాబట్టి రెండో నిందితుడు కూడా దరఖాస్తు చేస్తాడు, లేదా చేసే ఉంటాడు. దర్యాప్తు మొదలు అప్పీలు వరకు ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో లఖింపూర్ ఖేరీ రైతుల కేసులో స్పష్టంగా చెప్పి, బాధితులను వినకుండా ఇచ్చిన బెయిలును రద్దు చేసింది. మీ వకీలు ఆ తీర్పు చూపించి మీ అభ్యంతరం దాఖలు చేయవచ్చు. బయట ఉన్న నిందితుడు మీ ఇంటికి మనుషులను పంపడం కూడా ఊరికే పోనివ్వాల్సిన విషయం కాదు. ఎవరు వచ్చారు, ఏ రోజు, ఏమన్నారు అన్నది తేదీతో సహా రాసి స్టేషన్‌లో ఒకటి, ప్రాసిక్యూటర్‌కు ఒకటి ఇచ్చి, మీ దగ్గరి ప్రతి మీద ముద్ర వేయించుకోండి. బెయిలు రద్దు అడగడానికి అదే ఆధారం. బెదిరింపు తీవ్రంగా ఉంటే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెడితే పోలీసుల నుంచి ముప్పు అంచనా నివేదిక తెప్పించి రక్షణకు ఆదేశాలిస్తారు. ఆచరణలో దీన్ని వాడుకునేవాళ్లు తక్కువే, అడిగేవాళ్లు లేకపోవడం అందుకు ఒక కారణం.

రాజీ. హత్య కేసు చట్టప్రకారం రాజీకి వీలైన నేరం కాదు. ఇరుపక్షాలు ఒప్పుకున్నాయని హత్య, అత్యాచారం లాంటి ఘోర నేరాల కేసులు కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో చెప్పింది. మరి ఊళ్లలో జరిగే రాజీ ఏమిటంటారా? అది కేవలం సాక్షులు మాట మార్చడానికి కుదిరే బేరం. నా చేతి మీదుగా పోయిన ఒక కేసులో మృతుడి అన్నకు ఆరు లక్షలు ఇస్తామని పెద్దమనుషుల సమక్షంలో కాగితం రాసుకున్నారు. సగం ముందు ఇచ్చారు, మిగతా సగం తీర్పు తర్వాత అన్నారు. ఆ అన్న బోనులో నిలబడి నా ముఖం వైపు చూడకుండా ‘నేను ఏమీ చూడలేదు’ అన్నాడు. నిందితులు బయటపడ్డారు. మిగతా మూడు లక్షలు ఈ రోజుకీ రాలేదు. రెండేళ్ల తర్వాత ఆయన నా దగ్గరికి వచ్చి ‘కేసు మళ్లా తెరిపియ్యండి సారూ, ఇప్పుడు నిజం చెప్తా’ అన్నాడు. ఒకసారి నిర్దోషిగా బయటపడ్డవాణ్ని అదే నేరానికి మళ్లీ విచారించకూడదన్నది చట్టంలో ఉన్న సూత్రం. పైగా ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు ఆయన మీదే చర్య తీసుకునే వీలుంది. ఆ రోజు ఆయనకు మంచినీళ్లు ఇచ్చి పంపడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే తప్పు ఇంకొకటుంది, మంచి ఉద్దేశంతో చేసేది. కోపం కొద్దీ, జరిగినదానికన్నా ఎక్కువ చెప్పడం. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో ‘నాకు ఫోన్ వచ్చింది, వెళ్లేసరికి పడి ఉన్నాడు’ అని చెప్పిన బావమరిది ఒకాయన, కోర్టులో ‘పొడుస్తుంటే చూశాను’ అన్నాడు. కేసు గట్టిపడుతుందని ఆయన ఆశ. అవతలి వకీలు పాత వాంగ్మూలం తీసి చదివాడు, అంతే. ఆయన చెప్పిన నిజాలు కూడా నమ్మదగనివైపోయాయి. మీరు గదిలో లేరు కాబట్టి చూడలేదనే చెప్పాలి. చనిపోయే ముందు వారంలో తమ్ముడు ఫోన్లో ఏమన్నాడు, ఎవరితో డబ్బుల తగాదా ఉందన్నాడు, శవాన్ని ఎప్పుడు, ఎక్కడ చూశారు, ఇవే మీ సాక్ష్యం. సాక్ష్యానికి ముందు రోజైనా, ఆ ఉదయమైనా ప్రాసిక్యూటర్‌ను కలిసి, మీ వాంగ్మూలం చదివి వినిపించమని అడగండి. ఆయన విసుక్కోవచ్చు. రోజుకు పది పన్నెండు ఫైళ్లు మోసేవాళ్లం, మేమూ విసుక్కున్న రోజులున్నాయి. అయినా అడగండి. ‘మీ తమ్ముడు రోజూ తాగేవాడు కదా’ అన్న తరహా ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆ మాట పుండు మీద కారంలా తగులుతుంది. నిజమైతే అవుననండి, కాకపోతే కాదనండి, వాదనకు దిగకండి. తాగేవాణ్ని చంపవచ్చని ఏ చట్టమూ చెప్పదు, జడ్జిగారికి ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు డబ్బు సాయం. పరిహారానికి తీర్పుతో సంబంధం లేదు. సంహితలోని 396వ సెక్షన్ కింద ప్రతి రాష్ట్రంలో బాధితుల పరిహార పథకం ఉంటుంది. నిందితుడు ఎవరో తెలియని కేసుల్లో, అసలు విచారణే జరగని కేసుల్లో కూడా మృతుడి మీద ఆధారపడినవాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు. శిక్ష పడి, కోర్టు ఇప్పించిన పరిహారం సరిపోదనుకున్నప్పుడు, నిందితులు విడుదలైనా బాధితులకు పునరావాసం అవసరమనుకున్నప్పుడు కోర్టు స్వయంగా సిఫారసు చేయవచ్చు. న్యాయ సేవాధికార సంస్థ రెండు నెలల్లో విచారణ పూర్తి చేసి మొత్తం నిర్ణయించాలి. జాతీయ న్యాయ సేవల సంస్థ 2018లో మహిళా బాధితుల కోసం రూపొందించిన పథకంలో ప్రాణనష్టానికి 5 లక్షల నుంచి 10 లక్షల దాకా అని ఉంది, కానీ అది నేరానికి బలైనది మహిళ అయినప్పటి లెక్క. మీ కేసుకు రాష్ట్ర పథకంలోని పట్టిక వర్తిస్తుంది. దరఖాస్తుకు గడువు ఉంటుంది కాబట్టి ఈ నెలలోనే పెట్టించండి. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరదలి ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు జతచేయాలి. నేరం హైదరాబాద్‌లో జరిగింది కాబట్టి దరఖాస్తు అక్కడి సంస్థకు చేరాలి. హన్మకొండలోనే రాయించుకుని అక్కడికి పంపించమని అడగండి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక ఆమె భర్త హత్య కేసులో నిందితులు సంశయలాభంతో విడుదలయ్యారు. పరిహారానికి సిఫారసు చేయమని కోర్టును అడగడం నా బాధ్యత. ఓడిపోయానన్న చిరాకులో ఫైలు మూసి పక్కన పెట్టేశాను. ఆమెకూ చెప్పలేదు. కొన్నేళ్ల తర్వాత హన్మకొండ చౌరస్తాలో ఆమె మక్కకంకులు కాల్చి అమ్ముతూ కనిపించి, నన్ను గుర్తుపట్టి ‘బాగున్నరా సారూ’ అని పలకరించి, కంకికి డబ్బులు వద్దంది. ఆ తర్వాత నేను వాదించిన ఏ కేసులోనూ ఆ సిఫారసు అడగకుండా కూర్చోలేదు.

మీ కులం నేను అడగను గానీ, మీరు ఎస్సీ లేదా ఎస్టీ అయి, నిందితులు ఆ వర్గాలవారు కాకపోతే, కేసులో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (అట్రాసిటీల) నిరోధక చట్టం సెక్షన్లు చేర్చారో లేదో వెంటనే చూడండి. చేర్చి ఉంటే దారి వేరే. ఆ చట్టంలోని 15ఏ సెక్షన్ ప్రకారం బెయిలు సహా ప్రతి విచారణ గురించీ బాధితులకు ముందుగా నోటీసు ఇవ్వడం తప్పనిసరి. 2016లో సవరించిన నిబంధనల్లో హత్యకు 8 లక్షల 25 వేల రూపాయల సాయం ఉంది. సగం పోస్టుమార్టం తర్వాత, సగం ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక ఇవ్వాలి. భార్యకు నెలవారీ పింఛను కూడా ఉంది. ఆ డబ్బు కలెక్టరు కార్యాలయం ద్వారా వస్తుంది, కోర్టు ద్వారా కాదు.

కోర్టుతో ఏ సంబంధమూ లేని రెండు సంగతులు కూడా చెబుతాను, ఎందుకంటే చావు దుఃఖంలో వీటిని ఎవరూ చూడరు. మీ తమ్ముడి పేరు మీద పట్టా భూమి ఉండి, రైతు బీమాలో నమోదై ఉంటే నామినీకి 5 లక్షలు వస్తాయి. 2018లో మొదలైన ఆ పథకంలో చావుకు కారణమేమిటన్న షరతు లేదు, హత్య అయినా వర్తిస్తుంది. గుంటల భూమి అయినా చిన్నచూపు చూడకుండా వ్యవసాయ విస్తరణ అధికారిని కలవండి. రెండోది, ఆయన బ్యాంకు పుస్తకంలో ఎంట్రీలు వేయించి మే, జూన్ నెలల్లో 436 రూపాయలు గానీ, 20 రూపాయలు గానీ కోత పడిందేమో చూడండి. మొదటిది జీవనజ్యోతి బీమా, రెండోది సురక్షా బీమా. ఒక్కోదానికి 2 లక్షలు. సురక్షా బీమా ప్రమాదాలకు సంబంధించినదే అయినా హత్య దాని పరిధిలోకి వస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు ఎక్కడెక్కడ సంతకాలు పెట్టించుకున్నారో ఆయనకే తెలిసి ఉండకపోవచ్చు.

తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే, 413వ సెక్షన్ కింద బాధితురాలిగా మీ మరదలే హైకోర్టులో అప్పీలు వేయవచ్చు. ప్రభుత్వం వేస్తుందా లేదా అని ఎదురుచూడనక్కర లేదు, ప్రత్యేక అనుమతి కూడా అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో చెప్పింది. నిందితులను విడుదల చేసినా, హత్య కాదు తక్కువ నేరమని తేల్చినా, పరిహారం తక్కువిచ్చినా అప్పీలు చేసుకోవచ్చు. శిక్ష తక్కువైంది, పెంచండి అని మాత్రం బాధితులు అప్పీలు వేయలేరు, అది ప్రభుత్వం చేయాల్సిన పని. గదిలో హఠాత్తుగా మొదలైన గొడవ అంటున్నారు కాబట్టి, అవతలివాళ్లు ‘చంపాలన్న ఉద్దేశం లేదు’ అన్న వాదనే ఎత్తుకుంటారని నా అంచనా. కత్తి ఎక్కడిది, గదిలోదేనా, బయటి నుంచి తెచ్చిందా అన్న ఒక్క విషయం మీద కేసు చాలావరకు నిలబడుతుంది. ఛార్జిషీటు చేతికి రాగానే ముందు ఆ భాగం చదవండి.

మీ నాన్నగారిని కోర్టుకు తీసుకురావాలా అని చివర్లో అడిగారు. శవ పంచనామాలో ఆయన సాక్షి అయితే తప్పదు. కాకపోతే ఆయన్ను కాజీపేటలో తెల్లవారుజాము రైలెక్కించి నాంపల్లి దాకా తిప్పాల్సిన అవసరం లేదు, వాయిదాలకు మీరు వస్తే చాలు. మీ మరదలు మాత్రం సాక్షుల జాబితాలో ఉండే అవకాశం ఎక్కువ. ఆమెకు పిలుపు వచ్చిన రోజు పాపను ఇంట్లో ఎవరి దగ్గరైనా వదిలి రమ్మనండి. పదిన్నరకు పేరు పిలిచినా బోనెక్కేసరికి సాయంత్రం కావచ్చు, ఆ వరండాలో నిందితుల బంధువులు కూడా ఎదురుగానే కూర్చుని ఉంటారు. మీ సి.ఎన్.ఆర్. నంబరు ఇక్కడ అందరూ చూసేలా రాయకండి, నాకు విడిగా పంపితే ఏ దశలో ఉందో చూసి చెబుతాను.